మైనస్ 31 డిగ్రీల రోజు బడి మూసినప్పుడు: షికాగోలో ఒక తెలుగు కుటుంబం కేసు

ఈ కేసు 2019 జనవరి 30, 31 తేదీలది. ఆ వారం ఉత్తర ధ్రువం వైపు నుంచి చలిగాలి అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల మీదికి దిగింది. 30వ తేదీ బుధవారం పొద్దున షికాగో ఓహేర్ విమానాశ్రయం దగ్గర మైనస్ 23 ఫారెన్‌హీట్ నమోదైంది. మన లెక్కలో మైనస్ 31 సెల్సియస్. గాలి కూడా కలిస్తే ఒంటికి తగిలే చలి మైనస్ 45 సెల్సియస్ దాటింది. ఆ రోజు షికాగోలో పోస్ట్‌మన్లు ఉత్తరాలు పంచలేదు. దూరప్రాంత రైళ్లు నడిపే ఆమ్‌ట్రాక్ సంస్థ నగరం నుంచి బయల్దేరే రైళ్లు ఆపేసింది. రైలు పట్టాలు బిగుసుకుపోకుండా, శివారు రైళ్లు నడిపే మెట్రా వాళ్లు పట్టాల పక్కన గ్యాస్ మంటలు వెలిగించారు. షికాగో పబ్లిక్ స్కూల్స్ బుధ, గురువారాలు తరగతులు రద్దు చేసింది. దాదాపు 3,60,000 మంది పిల్లలు ఇళ్లలో ఉండిపోయారు.

నేను ఉత్తర షికాగోలో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో సోషల్ వర్కర్‌గా పనిచేస్తున్నాను. ఈ కేసును తెలుగులో రాయడానికి కారణం ఉంది. అమెరికాలో ఉంటున్న మనవాళ్లలో చాలామందికి చలి సెలవంటే పైజామాలో కూర్చుని ఇంటి నుంచి ఆఫీసు పని చేసుకునే రోజు, పిల్లలు సోఫా మీద గంతులేసే రోజు. గంటల లెక్కన కూలి తీసుకునే తెలుగు కుటుంబాలు కూడా ఇక్కడ ఉన్నాయని, వాళ్లకు ఆ రోజు ఎలా గడుస్తుందో మనలో మనం మాట్లాడుకోవడం తక్కువ. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను. జరిగిన వరుస మార్చలేదు.

ముందే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. బడి మూయడం సరైన నిర్ణయమే. ఈ నగరంలో చాలామంది పిల్లలు నడిచో, సిటీ బస్సు ఎక్కో బడికి వస్తారు. అంత చలిలో గ్లవ్స్ లేని వేళ్లకు, మూయని చెవులకు ఐదు పది నిమిషాల్లోనే మంచుకాటు తగులుతుంది. బస్సుల్లో డీజిల్ గడ్డకడుతుంది, బ్యాటరీలు చచ్చిపోతాయి. అంతకుముందు 2014 జనవరిలో కూడా ఇలాగే మొత్తం నాలుగు రోజులు మూశారు. బస్‌స్టాప్‌లో ఉన్న ప్రమాదం బడి మూయడంతో తప్పుతుంది. అదే రోజు ఇంట్లో మొదలయ్యే ప్రమాదం సంగతి చూడటం మాత్రం ఎవరి బాధ్యతా కాదు. నేను చెప్పదలచింది దాని గురించే.

ఆ ఇల్లు ఎలా నడిచేది

నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన దంపతులు. డెవాన్ అవెన్యూకి దగ్గర్లో పాత ఇటుక బిల్డింగులో రెండు గదుల అపార్ట్‌మెంట్. మూడో తరగతి చదివే పాపకు ఎనిమిదేళ్లు, బాబుకు నాలుగేళ్లు. తల్లి ఒక నర్సింగ్ హోమ్‌లో నర్సింగ్ అసిస్టెంట్. లేవలేని ముసలివాళ్లకు స్నానం చేయించడం, పక్క మార్చడం, తినిపించడం ఆమె పని. గంటకు 13 డాలర్ల చిల్లర. నగరంలో అప్పటి కనీస వేతనం 12 డాలర్లు. తండ్రి ఒక గ్యాస్ స్టేషన్‌లో (పెట్రోల్ బంకులో) రాత్రి డ్యూటీ చేస్తాడు.

తండ్రి డ్యూటీ తెల్లవారుజామున ఐదున్నరకు అయిపోతుంది. ఆరింటికి ఇంటికి చేరతాడు. తల్లి ఆరూ పదికి బస్సు పట్టుకోవాలి, ఆమె షిఫ్టు ఏడింటికి. మామూలు రోజున పది నిమిషాల పాటు ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. తండ్రి పిల్లలను లేపి, బాబును పక్క వీధిలో ఇంట్లో నడిపే డేకేర్‌లో దింపి, పాపను బడిలో వదిలి, తొమ్మిదింటికి పడుకుంటాడు. మధ్యాహ్నం రెండున్నరకు లేచి ఇద్దరినీ తెచ్చుకుంటాడు.

రాత్రి డ్యూటీ చేసే మనిషి ఉన్న ఇంట్లో బడి వేళలే అతని నిద్ర వేళలు. బడి మూతపడితే అతని నిద్ర పోతుంది, ఆ రాత్రి మళ్లీ డ్యూటీ ఉంటుంది, మంచు మీద కారు నడపాలి. పగటి ఉద్యోగాల లెక్కలో ఆలోచించేవాళ్లకు ఇది తట్టదు. ఇంటికి వెళ్లి మాట్లాడేటప్పుడు నేను ఇప్పుడు మొదట అడిగేది, ‘మీ ఇంట్లో పగలు ఎవరు పడుకుంటారు?’ అని.

బాబు వెళ్లే డేకేర్ కూడా పబ్లిక్ స్కూల్స్ మూస్తే మూసేస్తారు. అంటే ఒకే ఫోన్‌తో రెండు ఏర్పాట్లూ పోతాయి. ప్రభుత్వ బడిలో పిల్లలందరికీ పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం ఉచితం. మూసిన రోజు ఆ ఖర్చూ ఇంటి మీదే పడుతుంది.

మరి అమ్మమ్మలు, నాయనమ్మలు? మన కుటుంబాల్లో పిల్లల సంరక్షణకు కనబడని పెద్ద దిక్కు వాళ్లే. కానీ ఎక్కువమంది ఏప్రిల్, మే నెలల్లో వచ్చి దసరా, దీపావళి లోపు వెళ్లిపోతారు. షికాగో చలికాలం వాళ్ల మోకాళ్లకు పడదు. పాప అమ్మమ్మ కూడా అంతే, అక్టోబరులో వెళ్లిపోయింది. చలి సెలవులు వచ్చే జనవరిలో ఆ దిక్కు ఉండదు.

మంగళవారం సాయంత్రం నుంచి

సెలవు సంగతి ఫోన్‌లో విన్న వెంటనే తల్లి తన సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసింది. షిఫ్టు మార్చుకోవడానికి ఎవరూ లేరు, ఎందుకంటే ఆ ఫ్లోర్‌లో పనిచేసే ఆడవాళ్లందరి పిల్లలవీ మూతపడిన బడులే. షికాగో ఉన్న ఇలినాయ్ రాష్ట్రంలో, నర్సింగ్ హోమ్‌లో ఒక్కో రోగికి రోజుకు ఇన్ని గంటల నర్సింగ్ సేవ అందాలని నియమం ఉంది. చలి ఎంత ఉన్నా అక్కడ మనుషులు కావాలి. సూపర్‌వైజర్ పరిస్థితి కూడా నాకు అర్థమవుతుంది.

అక్కడ హాజరుకు పాయింట్ల పద్ధతి. చెప్పాపెట్టకుండా మానేసినా, ఆలస్యంగా చెప్పి మానేసినా పాయింట్ పడుతుంది. కొన్ని పాయింట్లు దాటితే ఉద్యోగం పోతుంది. వాతావరణానికి మినహాయింపు లేదు. ఆ చలికాలం బాబుకు చెవిపోటు పదేపదే వచ్చి, ఆమె ఖాతాలో అప్పటికే పాయింట్లున్నాయి.

డబ్బిచ్చి ఎవరినైనా పెట్టుకోవచ్చు కదా అని అడిగేవాళ్లుంటారు. అప్పటికప్పుడు దొరికే మనిషికి గంటకు 15 డాలర్లనుకున్నా తొమ్మిది గంటలకు 135. ఆమెకు రోజుకు పన్నులు పోకముందు వచ్చేది 100. నగరపాలక సంస్థ లైబ్రరీలు, పార్క్ భవనాలు, పోలీస్ స్టేషన్లను వెచ్చదనం కోసం వచ్చేవాళ్లకు తెరిచి ఉంచింది కానీ, పెద్దవాళ్లు లేకుండా పిల్లలను వదిలేసే చోట్లు కావవి.

కనుక మామూలు పద్ధతే నమ్ముకున్నారు. ఆయన ఆరింటికి వస్తాడు, ఆమె ఆరూ పదికి వెళ్తుంది, ఆయన నిద్ర మానుకుంటాడు.

బుధవారం ఐదూ నలభైకి తండ్రి ఫోన్ చేశాడు. తన తర్వాత రావాల్సినవాడి కారు స్టార్ట్ కావడం లేదు, ఆ చలిలో స్టేషన్ వదిలి రావడానికి లేదు, ఎలాగైనా ఆరున్నరకల్లా వస్తాను, నువ్వు వెళ్లు అన్నాడు. ఆమె ఒక బస్సు వదిలేసి ఆరూ ఇరవై ఐదు దాకా కిటికీ దగ్గర నిలబడింది. తర్వాత పాపను లేపి, పాత ఫోన్ చేతిలో పెట్టి, కింది అంతస్తులో ఉండే అసిరియన్ పెద్దావిడ నంబరు చూపించి, పాలు, బ్రెడ్డు టేబుల్ మీద పెట్టి, బయట నుంచి తాళం వేయకుండా, లోపలి నుంచి గడియ పెట్టుకోమని చెప్పి వెళ్లింది.

అవతలి మనిషి గ్యాస్ స్టేషన్‌కి ఎనిమిదింటికి చేరాడు. అప్పటికి తండ్రి కారు బ్యాటరీ కూడా చచ్చిపోయింది. ఆయన ఇల్లు చేరేసరికి తొమ్మిదీ ఇరవై.

ఆ మూడు గంటల్లో ఇల్లు చల్లబడింది. షికాగోలో చలికాలం పగటిపూట ఇంట్లో 68 ఫారెన్‌హీట్ వేడి ఉండేలా చూడాల్సిన బాధ్యత ఇంటి యజమానిది, అలా నగర ఆర్డినెన్స్ (నగరపాలక సంస్థ చేసిన చట్టం) ఉంది. కానీ ఆ పాత బిల్డింగులో ఆవిరి రేడియేటర్లు ఆ రోజు చలికి సరిపోలేదు. తమ్ముడు వణుకుతున్నాడని పాప వంటింట్లో గ్యాస్ ఓవెన్ వెలిగించి, తలుపు తెరిచి, దాని ముందు కుర్చీ వేసి వాడిని కూర్చోబెట్టింది. చలి ఎక్కువైన రోజుల్లో నాన్న అలా చేయడం ఆమె చూసింది. తండ్రి వచ్చి ఓవెన్ ఆపి, కిటికీ కాస్త తెరిచాడు. పిల్లలిద్దరికీ ఏమీ కాలేదు. తెరిచిన ఓవెన్‌తో ఇల్లు వెచ్చచేసుకోవడం వల్ల కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పేరుకుని ప్రాణాలు పోవచ్చు, పిల్లల బట్టలకు నిప్పంటుకోవచ్చు. ఈ సంగతి ప్రతి చలికాలం చెబుతూనే ఉన్నాం.

ఆయన ఆ పగలంతా పడుకోలేదు. రాత్రి మళ్లీ డ్యూటీకి వెళ్లాడు. గురువారం తల్లి పనికి వెళ్లలేదు. ఒక రోజు జీతం పోయింది, ఒక పాయింట్ పడింది.

‘తమ్ముడి కోసం ఇల్లు వెచ్చగా చేశాను’

శుక్రవారం బడి తెరిచాక, చలి సెలవుల్లో ఏం చేశారో రాయమని టీచర్ తరగతికి చెప్పింది. పిల్లలు సినిమాల గురించి, హాట్ చాక్లెట్ గురించి రాశారు. ఈ పాప, తమ్ముడి కోసం ఇల్లు వెచ్చగా చేశానని రాసి, పక్కన ఓవెన్ బొమ్మ గీసింది. అందులో గర్వం తప్ప భయం లేదు. టీచర్ ఆ కాగితం నా దగ్గరికి తెచ్చింది.

ఇలినాయ్‌లో బడి సిబ్బంది అందరిలాగే, పిల్లల పట్ల నిర్లక్ష్యం జరిగిందని నమ్మడానికి తగిన కారణం కనిపిస్తే రాష్ట్ర బాలల శాఖకు తెలియజేయాల్సిన చట్టబద్ధమైన బాధ్యత నాకూ ఉంది. అది వ్యక్తిగత బాధ్యత, పైఅధికారి వద్దన్నా పోదు. అప్పటి చట్టంలో 14 ఏళ్లలోపు పిల్లలను ‘అసమంజసమైనంత సేపు’, వాళ్ల క్షేమం పట్టించుకోకుండా ఒంటరిగా వదిలేయడం నిర్లక్ష్యం కిందికి వస్తుంది. ఎంతసేపైతే అసమంజసం అన్నది గంటల్లో చెప్పలేదు. చూడాల్సిన అంశాల జాబితా ఇచ్చింది: పిల్లల వయసు, ఎంతమంది, ఎంతసేపు, పగలా రాత్రా, ఇంట్లో వేడి ఉందా, తిండి పెట్టి వెళ్లారా, ఫోన్ నంబరు ఇచ్చారా, తల్లిదండ్రులు ఎంత దూరంలో ఉన్నారు. అదే జాబితాలో ఇంకో అంశం ఉంది. జరిగినదానికి ఆర్థిక ఇబ్బంది కారణమా, పిల్లల క్షేమం కోసం తల్లిదండ్రులు మనస్ఫూర్తిగా ప్రయత్నించారా? పేదరికాన్నీ నిర్లక్ష్యాన్నీ విడిగా చూడమని చట్టమే అడిగిన చోటు అది. మా వృత్తిలో ఉన్నవాళ్లు ఆ జాబితాను పూర్తిగా చదవాలని నేను గట్టిగా అంటాను.

నేను తల్లిని పిలిపించాను. మొదట మేడం అంటూ తెచ్చిపెట్టుకున్న ఇంగ్లిష్‌లో మాట్లాడింది. నేను తెలుగులో అడిగాక కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పింది:

“నా పిల్లల్ని తీస్కపోతరా అక్కా? ఆయన అర్ధగంటల వస్తడనుకున్న. బస్సుల కూసున్నప్పుడు ఫోన్ చేసిండు, ఇంకా రాలేదని. దిగి ఎనక్కి పోదామనుకున్న. ఇంకో పాయింట్ పడితే తీసేస్తరు. అక్కడ నా పేషెంట్ ఒకామె ఉంటది, నేను పోకపోతే పక్క మార్చేటోళ్లు ఎవ్వరు లేరు.”

తల్లితో, తండ్రితో, పాపతో విడివిడిగా మాట్లాడి, మూడు కథనాలు సరిపోయాయని నిర్ధారించుకున్నాను. తండ్రి వస్తాడన్న నమ్మకం సహేతుకమైనది. ఫోన్, తిండి, పొరుగింటి నంబరు ఉన్నాయి. ఒకసారి జరిగాక మర్నాడే తల్లి జీతం వదులుకుని ఇంట్లో ఉంది. అంతకుముందు ఆ కుటుంబం గురించి ఏ ఆందోళనా లేదు. ఫిర్యాదుకు తగిన కారణం లేదని నిర్ణయించి, ఎందుకో ఒక్కో అంశం కిందా రాసి ఫైల్లో పెట్టాను. అయితే ఓవెన్ సంగతి అక్కడితో వదలలేదు. అదే వారం ఇంటికి వెళ్లి కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో చూశాం, వేడి చాలడం లేదని నగర ఫిర్యాదుల నంబరు 311కి ఎలా చెప్పాలో తండ్రి చేతే ఫోన్ చేయించి చూపించాను.

ఇంకో సోషల్ వర్కర్ ఇదే కేసులో బాలల శాఖకు ఫోన్ చేసి ఉండవచ్చు. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. కానీ చలి సెలవు తర్వాత వచ్చే ఇలాంటి కేసుల్లో మొదటి ప్రశ్న తల్లి ఎందుకు వెళ్లింది అన్నది కాకుండా, ఆమె వెళ్లకుండా ఉండే దారి ఏదైనా ఉందా అన్నది కావాలి.

చట్టంలో ఉన్న మాట, పనికిరాని మాట

దారి ఉందేమోనని వెతికాం. 2017 జూలై 1 నుంచి షికాగోలో వేతనంతో కూడిన సిక్ లీవ్ ఆర్డినెన్స్ ఉంది. 40 గంటల పనికి ఒక గంట చొప్పున, ఏడాదికి 40 గంటల దాకా జమవుతుంది. తల్లి ఖాతాలో సెలవు గంటలున్నాయి కూడా. ఏయే కారణాలకు వాడుకోవచ్చో చెప్పిన జాబితాలో ‘పిల్లల బడి మూతపడితే’ అన్న మాట ఉంది. కానీ ఆ మూత ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి వల్ల అధికారి ఉత్తర్వుతో జరిగినదై ఉండాలి.

నర్సింగ్ హోమ్ హెచ్‌ఆర్ వాళ్లకు తల్లి తరఫున, ఆమె అనుమతితో ఉత్తరం రాశాను. గవర్నర్ ప్రిట్జ్‌కర్ జనవరి 29న రాష్ట్రమంతటికీ విపత్తు ప్రకటన చేశారని, అంత చలి ఆరోగ్యానికి ముప్పు కాక ఇంకేమిటని వాదించాను. వాళ్ల జవాబు: అది విపత్తు ప్రకటనే కానీ ప్రజారోగ్య అత్యవసర ప్రకటన కాదు. అక్షరార్థంగా చూస్తే వాళ్ల వాదన కొట్టిపారేయదగ్గది కాదు. చివరికి గురువారం పాయింట్ తీసేశారు. జీతం ఇవ్వలేదు. తల్లికి మాత్రం పాయింట్ పోవడమే పెద్ద ఊరట. నాకు ఇందులో తెలిసింది ఒకటుంది: గంటల కూలీల దగ్గర మొదట కాపాడాల్సింది ఆ రోజు జీతాన్ని కాదు, ఉద్యోగాన్ని. ఉత్తరం రాసేటప్పుడు పాయింట్ సంగతి మొదటి పేరాలో ఉండాలి.

ఏర్పాటు

మేం కలిసి రాసుకున్న ప్లాన్‌లో ఎక్కువ భాగం ‘ఎప్పుడు’ అన్న ప్రశ్న మీదే నడిచింది. బడి నుంచి ఫోన్ వచ్చేసరికి గంటల కూలీకి ఆలస్యమైపోతుంది. కానీ నేషనల్ వెదర్ సర్వీస్ ఇలాంటి చలికి ముందుగానే ‘వాచ్’ అనే హెచ్చరిక ఇస్తుంది. అప్పట్లో దాన్ని విండ్ చిల్ వాచ్ అనేవారు, 2024 శరత్కాలం నుంచి ఎక్స్‌ట్రీమ్ కోల్డ్ వాచ్ అంటున్నారు. వాచ్ వచ్చిన రోజే తల్లి సూపర్‌వైజర్‌తో మాట్లాడాలి, తండ్రి తన తర్వాత వచ్చేవాడికి ఫోన్ చేయాలి, కారు బ్యాటరీ చూసుకోవాలి. బడి తెరిచే ఉంచితే మంచిదే, నష్టమేమీ లేదు.

రెండోది మనుషులు. కింది అంతస్తు పెద్దావిడకు ఇంగ్లిష్ తక్కువ, వీళ్లకు ఆమె భాష రాదు. అయినా ఆమె కోడలి సాయంతో మాట్లాడితే, పొద్దున రెండు మూడు గంటలు పిల్లలను చూడటానికి వెంటనే ఒప్పుకుంది. ముందెప్పుడూ ఎవరూ అడగలేదంతే. తెలుగువాళ్లను అడగడమే తల్లికి కష్టమైంది. బతుకమ్మకు చీరలు, పూలు, హాలు అన్నీ వారంలో కుదుర్చుకునే వాట్సాప్ గ్రూప్‌లో ఆమె ఉంది. ఆ గ్రూప్‌లో పిల్లలను చూడమని అడగలేదు. తను నర్సింగ్ హోమ్‌లో ఏం పని చేస్తుందో కూడా అక్కడ అందరికీ తెలియదు. “వాళ్లంత సాఫ్ట్‌వేరోళ్లు అక్కా” అంది. చాలామంది నేపర్‌విల్, షామ్‌బర్గ్ లాంటి శివారు ఊళ్ల వైపు ఉంటారు, ఆ చలిలో అంత దూరం నుంచి రావడం కుదరదన్నదీ నిజమే. అయినా దగ్గర్లో ఉన్న ఒక కుటుంబాన్ని, ఇంటి నుంచి పనిచేసే తల్లిని, ఆమెతో మాట్లాడించాను. శనివారాలు వాళ్ల అబ్బాయిని వీళ్లు చూస్తారు, చలి రోజున వీళ్ల పిల్లలు అక్కడ ఉంటారు. ఊరికే సాయం చేస్తామంటే ఆ తల్లి ఒప్పుకునేది కాదు. ఇచ్చిపుచ్చుకునేలా ఉంది కనుక ఒప్పుకుంది.

2019 జూలై నుంచి ఇలినాయ్ చట్టం అత్యవసర సెలవు రోజుల్లో ఇంటి నుంచి ఈ-లెర్నింగ్‌కు వీలు కల్పించింది. విద్యా దినాల లెక్కకు అది పనికొస్తుందేమో. ఎనిమిదేళ్ల పిల్లను ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టడానికి పక్కన ఒక పెద్ద మనిషి కావాలి. ఈ ఇంట్లో ఆ పెద్ద మనిషి రాత్రంతా మేలుకుని వచ్చిన తండ్రి.

ఆ తర్వాత

మరుసటి చలికాలం ఈ ప్లాన్ అవసరం పడలేదు. తర్వాత 2020 మార్చి 17 నుంచి కోవిడ్ వల్ల రాష్ట్రంలో బడులన్నీ మూతపడ్డాయి. పిల్లలను ఒక ఇంటి నుంచి మరో ఇంటికి పంపే ఏర్పాటు ఆగిపోయింది, కింది అంతస్తు పెద్దావిడ కోసం మేమే వద్దన్నాం. కానీ సిక్ లీవ్ చట్టంలో ఆ పాత మాట ఈసారి అచ్చంగా వర్తించింది. తల్లి జమైన గంటలన్నీ వేతనంతో వాడుకుంది. హెచ్‌ఆర్ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఏడాది కిందట మూతపడిన ఆ బడే, చూసుకోవాల్సిన ఆ పిల్లలే. మారింది ప్రకటనలో రాసిన కారణం ఒక్కటే.

ఇప్పుడు పరిస్థితి కొంత మెరుగు. 2024 జనవరి 1 నుంచి ఇలినాయ్‌లో, అదే ఏడాది జూలై 1 నుంచి షికాగో సొంత ఆర్డినెన్స్ కింద, కారణం చెప్పనక్కర్లేని వేతన సెలవు వచ్చింది. రాష్ట్ర చట్టం కింద ఏడాదికి 40 గంటల దాకా, షికాగోలో ఐదు రోజులు, సిక్ లీవ్ మరో ఐదు రోజులు అదనం. రాష్ట్ర చట్టం ప్రకారం ముందే తెలిసిన సెలవుకు యజమాని ఏడు రోజుల నోటీసు అడగవచ్చు, హఠాత్తుగా వచ్చినదానికి వీలైనంత త్వరగా చెబితే చాలు. చలి సెలవు రెండో రకానిది. నవంబరులో రిపోర్ట్ కార్డుల కోసం తల్లిదండ్రులు బడికి వచ్చే రోజున నేను ఈ సంగతి అడిగి మరీ చెబుతాను. సెలవు గంటలు ఎన్ని జమయ్యాయో జీతం చీటీలో చూపించమంటాను. చాలామందికి ఆ గంటలున్నట్టే తెలియదు. వేసవిలో అవన్నీ వాడేసుకోకుండా రెండు రోజులైనా జనవరికి దాచుకోమంటాను.

తల్లి అదే నర్సింగ్ హోమ్‌లో ఉంది. తండ్రి గ్యాస్ స్టేషన్ మానేసి, రాత్రిళ్లు యాప్ ద్వారా టాక్సీ నడుపుతున్నాడు. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపి ఇంటికి రావచ్చని ఆ పని ఎంచుకున్నాడు, పిల్లల విషయంలో అది నిజంగా పనికొచ్చింది కూడా. అయితే ఈ వేతన సెలవు చట్టాలు ఉద్యోగులకే వర్తిస్తాయి. అలాంటి డ్రైవర్లను స్వతంత్ర కాంట్రాక్టర్లుగా లెక్కిస్తారు కనుక ఆయనకు ఒక్క గంట కూడా జమకాదు. పైగా చలి ఎక్కువైన రోజునే ఛార్జీలు పెరుగుతాయి, ఎక్కేవాళ్లూ ఎక్కువ. బడి మూసిన రోజున ఇంట్లో ఉంటే ఆయన పోగొట్టుకునేది ఆ చలికాలంలో అన్ని రోజులకంటే ఎక్కువ సంపాదించగల రోజు. దీనికి మా ప్లాన్‌లో ఇంకా జవాబు లేదు.